క్యాసెట్టులోని గుహలు

మార్కాపురంలో రిపేరు దుకాణం. టీవీకి తగిలించిన పాత కంప్యూటరు ముందు, రిపేరు కుర్రాడి పక్కన ఆమె కూర్చుంది.

"ఈ క్యాసెట్టులోంచి ఆట రావట్లేదక్కా. మూడుసార్లు ఎక్కించినా, సగంలోనే ఆగిపోయింది."

"ఇంకోసారి చూడు తమ్ముడూ. మా అన్న కాలేజీలో ఉన్నప్పుడు సొంతంగా రాసిన ఆట అది. బొమ్మ మనిషి ఎగురుకుంటా గుహలన్నీ వెతకాల. రాసింది ఆయన, ఆడింది నేనొక్కదాన్నే."

"ఇంకో కాపీ లేదా?"

"లేదు. ఆయన ఇప్పుడు ఎవుర్నీ గుర్తుపట్టట్లేదు. ఆ గుహల పేర్లు మాత్రం వరసగా చెప్తాడు. ఆట చూస్తే నన్నన్నా గుర్తుపడతాడేమోనని..."

"టేపు మీద ఆటను పట్టి ఉంచే పొడి మొత్తం రాలిపోయిందక్కా. ఇంక ఎవరివల్లా కాదు."

ఆమె క్యాసెట్టును కొంగులో చుట్టుకుంది.

"అది తీసుకుపోయి ఏం చేస్తావక్కా?"

"ఆట తెస్తానని చెప్పి వచ్చినా. గుమ్మంలోనే కూర్చోని ఉంటాడు. ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది?"