వదినా, కానీ

నేను డిగ్రీ పాసైనవాణ్ణి. వయసు ఇరవై నాలుగు. వినికిడి యంత్రాలు అమ్మే దుకాణంలో చెవుల పరీక్ష చేసే ఉద్యోగం. తెలిసినవాళ్లంతా నన్ను ‘చెవుల డాక్టర్’ అంటారు. డాక్టరును కాను. ఈ సంగతి ముందే చెబుతున్నాను, దీని మీద ఇంకో కేసు కాకుండా. ‘ఉక్కపోత’ అనే రాక్ బ్యాండు అభిమానుల సంఘానికి కార్యదర్శిని. డ్రమ్ముల దొంగతనం విషయమై ఎస్సై గారు స్టేషనుకు పిలిపించి అడగ్గా, ఎవరి బలవంతమూ లేకుండా, నాకు తెలిసినంత చెబుతున్నాను.

మొట్టమొదట చెప్పవలసింది, దొంగతనం జరగలేదు. డ్రమ్ములు ఇంట్లోంచి వెళ్లిన మాట వాస్తవం. అయితే వెళ్లడం వేరు, పోవడం వేరు.

ఎస్సై గారు, “ఏది వేరో నేను తేలుస్తాలే, నువ్వు జరిగింది చెప్పు” అన్నారు. చెబుతున్నాను.

ఉక్కపోత బ్యాండు ఒకే ఒక్క ఆల్బం వేసింది. రెండోదాని కోసం ఆరు పాటలు రికార్డు చేసి, అవి బయటికి రాకముందే విడిపోయింది. ఆ రికార్డింగు ఇరవై రెండేళ్ల కిందట ఒక పరుపుల గోడౌనులో జరిగింది. పరుపులు గోడలకు ఆనించి నిలబెడితే రోడ్డు మీది హారన్లు లోపలికి రావు, లోపలి గోల పక్కింటివాళ్ల నిద్ర చెడగొట్టదు. ఆ సమయంలో నాకు రెండేళ్లు. కాబట్టి అక్కడ ఎవరు వాయించారో నేను కళ్లారా చూడలేదు, నేరస్థలంలో నేను లేను.

బ్యాండులో పాడేవాడు తమ్ముడు, డ్రమ్ములు వాయించేవాడు అన్న. అన్నగారిని అందరూ ‘పిడుగు’ అంటారు. ఈ కేసులో ఫిర్యాది ఆయనే. తమ్ముడు చనిపోయి ఆరేళ్లయింది. ఆయన అలమరలో ఆరు పాటల క్యాసెట్టు దొరికింది. అది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వచ్చి, చివరికి మా సంఘంలో అందరి ఫోన్లలోకి చేరింది. మా మనశ్శాంతి అక్కడితో సరి.

ఎందుకంటే, వచ్చిన ఆల్బంలో డ్రమ్ములు తలుపు బద్దలుకొట్టినట్టు ఉంటాయి. రాని పాటల్లో తలుపు తట్టి, లోపలివాళ్లు లేచి వచ్చేదాకా ఆగినట్టు ఉంటాయి. ఎడమ చేతి దెబ్బ ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. ఆ ఆలస్యంలోనే ఉంది పాట ప్రాణమంతా. మూడో పాట ఒక్కటి పరుగెడుతుంది, అది దాని తీరేమోనని సరిపెట్టుకున్నాం. ఈ ఆగే చెయ్యి పిడుగు గారిదేనా, ఇంకొకరిదా అన్నది గొడవ.

రెండో పాట మొదలుకాబోయే ముందు తమ్ముడు మైకుకు దూరంగా ఉండి ఒక మాట అంటాడు. అది ‘వదినా, కానీ’ అని మా లెక్కల టీచరమ్మ వాదన. అంటే వాయిస్తున్నది ఆయన వదిన, అనగా పిడుగు గారి భార్య. కాదు, ‘వదిలెయ్, కానీ’ అని మెడికల్ షాపాయన వాదన. అంటే ఏదో తప్పు పడింది, దాన్ని వదిలేసి మొదలుపెట్టమని చెప్పడం. ‘వద్దన్నా కానీ’ అని మూడో వర్గం కూడా ఉంది. అందులో ఉన్నది ఒక్కడే, వాడు కూడా అప్పుడప్పుడు రాడు.

ఈ వాదన ఎలా ఉండేదో ఎస్సై గారు అడిగారు కనుక నమూనా చెబుతాను.

“మేడం, మీకు కావలసింది మీరు వింటున్నారు.”

“మీకు అక్కర్లేనిది మీరు వినడం లేదు. ‘నా’ అనే అక్షరం మా ఇంట్లో పిల్లికి కూడా వినపడింది.”

“పిల్లిని సాక్షిగా తెస్తారా?”

“మీ కంటే నయం, అది మధ్యలో మాట్లాడదు.”

నేను ఏ వర్గమూ కాదు. ఇద్దరికీ టీ తెచ్చే వర్గం. అయినా సత్యం కోసం ఒక ప్రయత్నం చేశాను. మా దుకాణంలో చప్పుడు చొరబడని గాజు గది ఉంది. సభ్యులను ఒక్కొక్కరినీ అందులో కూర్చోబెట్టి, చెవులు పరీక్షించి, ఆ మాట వినిపించాను. వదిన అని నమ్మినవాళ్లకు వదిన వినిపించింది. వదిలెయ్ అని నమ్మినవాళ్లకు వదిలెయ్ వినిపించింది. అందరి చెవులూ భేషుగ్గా ఉన్నాయి. చిక్కంతా అక్కడే వచ్చింది. మా ఓనరుకు తెలిసి, “గదిని సినిమా హాలు చేశావా?” అని తిట్టారు. ఆయనకూ వినిపించాను. “ఉదయానికి” అన్నారు.

ఇంతలో ఒక చిన్న రికార్డింగ్ కంపెనీ ఆ ఆరు పాటలను విడుదల చేస్తామని ముందుకొచ్చింది. విడుదలంటే అట్ట. అట్టంటే పేర్లు. పాత కాగితాల ప్రకారం డ్రమ్ములు పిడుగు గారివి. సోమవారం అట్ట అచ్చుకు వెళుతుంది. కంపెనీ తరఫు మనిషి ఆదివారం మా సమావేశానికి వచ్చాడు. వచ్చీ రావడంతోనే తేల్చి చెప్పాడు. “మీ చెవులతో నాకు పని లేదండీ. ఆయనే తన నోటితో ‘వాయించింది నేను కాదు’ అంటే మారుస్తా. లేకపోతే లేదు.”

ఆ సమావేశం ఉదయం పది గంటలకు, కుట్టు శిక్షణ కేంద్రం మేడ మీద హాల్లో జరిగింది. కుట్టుమిషన్లన్నిటికీ గుడ్డలు కప్పి గోడ పక్కకు జరిపి ఉన్నాయి. మేము వాదన ఇంకా సరిగ్గా అందుకోకముందే కింద ట్రాలీ ఆటో ఆగింది. ఒక ఆడమనిషి గొంతు మెట్ల మీంచి వినిపించింది.

“ఇద్దరు కిందికి రండి బాబూ. పెద్దదాన్ని నేనొక్కదాన్నే మొయ్యలేను.”

వెళ్లి చూస్తే ఆటోలో సదరు డ్రమ్ములు, వాటి పక్కన పిడుగు గారి భార్య. ఆవిడ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు, వయసు యాభై దాటి ఉంటుంది. డ్రమ్ములు మోసింది నేనూ మెడికల్ షాపాయనా. మోయడం నేరమైతే మేమిద్దరం నేరస్థులం. ఏం మోస్తున్నామో తెలిసే మోశాం, ఎందుకో మాత్రం తెలియదు.

పైకి వచ్చాక నేను మర్యాదగా, “కూర్చోండి ఆంటీ” అన్నాను.

“ఆంటీ ఏంటి? రెండేళ్లుగా వదినా వదినా అని మీలో మీరు కొట్టుకు చస్తున్నారంటగా. అదే అనండి.”

టీచరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మెడికల్ షాపాయన నిలబడే ఉన్నారు కాబట్టి కూర్చున్నారు.

వదిన చెప్పింది ఇది. రికార్డింగు మూడో రోజు స్పీకరు ఎత్తబోయి పిడుగు గారి భుజం జారింది. ఆయన్ని ఇంట్లో పడుకోబెట్టారు. అప్పటికి పాటలన్నీ ఒకసారి వాయించారు గానీ, కుదరనివి మళ్లీ వాయించాల్సి ఉంది. గోడౌను ఇంకా రెండు రోజులే చేతిలో ఉంది. ఆయన సాధన చేస్తున్నప్పుడు పక్కనే కూర్చుని నేర్చుకున్నది ఆవిడకు చేతిలో ఉంది. మరిది వచ్చి, “వదినా, నువ్వు కూర్చో” అన్నాడు. కూర్చుంది.

“మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?” అని కంపెనీ మనిషి అడిగాడు.

“బయటికి రాని పాటలకు పేరెందుకని ఊరుకున్నా. ఇప్పుడు అచ్చు పడుతోంది. ఒకసారి పడిందంటే ఇక అదే నిజం. నిన్న ఇంట్లో అడిగితే, సరదాకి నాలుగు దెబ్బలు కొట్టుంటావులే అన్నారు. అందుకే ఇవాళ వాటిని ఆటో ఎక్కించా.”

తర్వాత ఆవిడ రెండో పాట వాయించారు. కుట్టుమిషన్ల మీది గుడ్డలు అదిరాయి. ఎడమ చేతి దెబ్బ రావలసిన చోటికి రాలేదు. ఒక పిసరు ఆగి వచ్చింది. ఆ ఆగుడు ఎక్కడిదని టీచరమ్మ అడిగారు.

“నా ఉద్యోగంలోదే. ఊపిరి బిగబట్టండి అన్నాక వెంటనే నొక్కితే ఎక్స్‌రే పాడవుతుంది. ఒక్క క్షణం ఆగాలి. అదే చేతికి అలవాటైపోయింది.”

మెడికల్ షాపాయన మంచివాడే, కానీ ఓడిపోవడం చేతకాదు. “క్యాసెట్టు విని ఇప్పుడు నేర్చుకునైనా ఇలా వాయించొచ్చు కదమ్మా” అన్నాడు.

“వాయించొచ్చు బాబూ. నేను కాదనను. అందుకే మీరు నన్ను కాదు, ఆయన్ని అడగాలి.”

ఆయన అప్పుడే వచ్చారు, వెంట కానిస్టేబుల్ గారితో. ఇంట్లో డ్రమ్ముల గది ఖాళీగా కనిపించేసరికి అభిమానులే ఎత్తుకుపోయారనుకుని ఫిర్యాదు ఇచ్చారట. ఆయన అనుమానంలో అన్యాయం లేదు. పోయిన ఏడాది చూసిపోతామని వెళ్లిన మా సభ్యుడొకడు డ్రమ్ము పుల్ల ఒకటి చొక్కాలో వేసుకొచ్చాడు.

కానిస్టేబుల్ గారు డ్రమ్ముల ముందు కూర్చున్నావిడను చూసి, “దొంగ ఈవిడేనా సార్?” అన్నారు.

“దొంగ కాదు, మా ఆవిడ.”

“రెండూ అయిన కేసులు కూడా మాకు వస్తుంటాయి సార్.”

ఎవరూ నవ్వలేదు. నేను కొంచెం నవ్వాను.

పిడుగు గారు భార్యతో, “ఇంటికి పద. ఇంతమందిలో ఏంటిది?” అన్నారు.

“ఇంట్లో అడిగితే మీరు వినలేదుగా. ఇక్కడ వినండి.”

“మా తమ్ముడు నాతో చెప్పాడు. అన్నయ్యా, అన్నీ నువ్వు వాయించినవే ఉంచాం అన్నాడు. వాడు అబద్ధం చెప్పడు.”

“చెప్పాడండీ. భుజానికి కట్టుతో మంచంలో ఉన్న మనిషికి ఏం చెబుతాం? నేనూ సరేనన్నా. అప్పుడు.”

ఆయన క్యాసెట్టు పెట్టమన్నారు. పెట్టాను. అందరమూ స్పీకరు వైపు చూస్తున్నాం. ఆయన ఒక్కరూ మా ముఖాల వైపు చూస్తున్నారు. మాట వచ్చే చోట మా ముఖాలు ఎలా మారతాయో చూస్తున్నారు. ఇలా చూసేవాళ్లు మా దుకాణానికి రోజూ వస్తారు. ఎక్కువగా భార్యలు తీసుకొస్తారు. తమకేమీ లేదని చెబుతారు. నేను ఆయన వీపు వెనక నిలబడి మామూలు గొంతుతో పిలిచాను. తిరగలేదు. ముందుకొచ్చి అడిగాను. ఇక్కడ చెబుతున్నది ఆయన ఒప్పుకున్న మీదటే చెబుతున్నాను.

“బాబాయ్ గారూ, మీకు ఆ మాట వినపడటం లేదు కదా?”

“మోత తెలుస్తోంది. మాట లేదు” అన్నారు.

“ఎప్పటినుంచి?”

“వాయించింది డ్రమ్ములయ్యా, పిల్లనగ్రోవి కాదు.”

వదిన ఆయన వైపే చూస్తూ ఉండిపోయారు. ఆవిడకు ఈ సంగతి తెలియదని నాకు అనిపించింది. ముందురోజు ఇంట్లో ఆవిడ అడిగింది ఆయన సగమే విని ఉంటారనిపించింది. ఇది నా ఊహ, సాక్ష్యం కాదు.

“ఇలా రండి” అందావిడ. “చెయ్యి ఇక్కడ పెట్టండి.”

ఆయన డ్రమ్ము పక్క చెక్క మీద కుడి అరచెయ్యి ఆనించారు. ఆవిడ రెండో పాట మళ్లీ ఎత్తుకుంది. ఆయన ఎడమ చేతి చూపుడు వేలు తనంతట తానే ప్యాంటు మీద తాళం వేయసాగింది. ముందు ఆయన వేలు పడుతోంది, తర్వాత ఆవిడ దెబ్బ పడుతోంది. మళ్లీ ముందు వేలు, తర్వాత దెబ్బ. ఒక్కసారి కూడా రెండూ కలవలేదు. ఇది నేను చూశాను. మెడికల్ షాపాయన కూడా చూశాడు. కావాలంటే ఆయన్ని పిలిపించవచ్చు, చాలా ఇష్టంగా వస్తాడు.

కొంతసేపటికి వేలు ఆగిపోయింది.

“ఇది నేను కాదు” అన్నారు పిడుగు గారు. “నేనైతే అంతసేపు ఆగలేను.”

కంపెనీ మనిషి కలం తీసి, “అయితే ఆరు పాటలకూ మేడం పేరే వేసేస్తాను” అన్నాడు. టీచరమ్మ చప్పట్లు కొట్టారు. పిడుగు గారు తల ఊపారు. డ్రమ్ము మీంచి చెయ్యి తీసి, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులో పెట్టుకున్నారు.

“ఆరు కాదు” అంది వదిన. “అయిదే. మూడోది నాది కాదు.”

టీచరమ్మ చప్పట్లు సగంలో ఆగాయి. “మూడోది కూడా మీదేనండీ, మేము రెండేళ్లుగా నిరూపిస్తున్నాం” అన్నారు.

“నాది కాదమ్మా. అది భుజం జారకముందు ఈయన వాయించింది. దాన్ని మార్చబుద్ధి కాలేదు, అలాగే ఉంచాం.” ఆవిడ లేచి భర్తకు ఎదురుగా వచ్చి, తన పెదాలు కనిపించేలా నిలబడి, మళ్లీ చెప్పింది. “మూడోది మీరేనండీ.”

“మూడోదా? మరి ఆగి ఆగి పడుతుందా?”

“ఎక్కడ ఆగుతుందీ! పరుగే పరుగు. మీ తమ్ముడికి ఊపిరి తీసుకునే సందు కూడా లేదు.”

“బాగుందా మరి?”

వదిన కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచించడం చూసే ఆవిడ మాట నమ్మవచ్చని నాకు అనిపించింది.

“తొందరగా ఉంది” అంది. “కానీ ఆ పాటకి నేనైతే సరిపోను.”

కంపెనీ మనిషి అయిదు ఒక పేరు కింద, ఒకటి ఇంకో పేరు కింద రాసుకున్నాడు. డ్రమ్ములు ప్రస్తుతం కుట్టు శిక్షణ కేంద్రంలోనే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకెళతామన్నారు.

ఇది నేను చూసినదీ విన్నదీ. ఊహించిన చోట ఊహ అని చెప్పాను. ఇదంతా రాసుకున్న స్టేషను రైటర్ గారు మొత్తం చదివి వినిపించారు, నాకు రెండు చెవులా వినపడింది, నేను చెప్పినట్టే ఉంది. నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
చెవుల డాక్టర్ అనబడే సాక్షి