ఆటలో పిల్ల

స్టీలు ప్లాంటు సెక్టర్ 2 క్వార్టర్లో అప్పలకొండ తన క్రేను ఉద్యోగం సంగతులు చెబుతోంది. వీడియో గేముల కంపెనీలో పనిచేసే కూతురు భాగ్యరేఖ లాప్‌టాప్ ముందు కూర్చుంది.

“...మొదటి రోజు క్రేను నిచ్చెనకి చీర ఇరుక్కుపోనాది. కిందున్నోల్లు నవ్వీసారు. మర్నాడు మీ నాన్న పేంటూ చొక్కా కురచ చేసుకుని తొడుక్కున్నాను. సచ్చిపోయినోడి బట్టలేటని మీ నాయనమ్మ ఏడ్సింది. రాస్తన్నావా?”

“బస్ మమ్మీ. చాలు.”

“చాలేటి? ఆటలో పిల్ల వట్టి సోకుబొమ్మలాగుంటే ఎలాగ, దానికీ ఓ బతుకుండాలని, నా బతుకే చెప్పమని నువ్వే గదా బతిమాలేవు.”

“అన్నాను.”

“మీ సారుకి నచ్చనేదేటి?”

“శరత్ సార్‌కి బాగా నచ్చింది. ఇంకా కావాలంటన్నారు.”

“మరి మొకం అలగెట్టుకున్నావేటి?”

“ఏం లేదు. చాయ్ పెట్టనా?”

“భాగ్యా.”

“కథంతా ఒక్కసారే చెప్పరు మమ్మీ. ఆడేవాళ్లు గెలిచినప్పుడల్లా ఓ ముక్క తెలుస్తాది.”

“మంచిదే.”

“ముక్క తెలిసినప్పుడల్లా... డ్రెస్ మారుతాది.”

“ఏ డ్రెస్సు?”

“నాన్నది. మతలబ్, అంటే నువ్వు చెప్పిన పేంటూ చొక్కా. ముందు అవే ఉంటాయి. తర్వాత చొక్కా... ఛోడో మమ్మీ, వదిలేయ్.”

“చొక్కా ఏటవుద్ది?”

“కథ తెలిసేకొద్దీ బట్టలు తగ్గుతాయి. అలాగైతేనే చివరిదాకా వింటారంట.”

“నువ్వేటన్నావు?”

“వద్దన్నాను. గొడవపడ్డాను. నువ్వేగా పిల్లకి కథ కావాలన్నావని నవ్వేరు.”

“మానీ ఆ ఉద్యోగం.”

“నేను మానేస్తే? పిల్ల వాళ్ల దగ్గరే ఉండిపోద్ది. నేనుంటే కనీసం అడ్డుపడతాను.”

“అడ్డుపడ్డావు, అవునేటి?”

“మమ్మీ, ప్లీజ్.”

“ఇప్పటిదాకా ఎంత ఇచ్చేవు?”

“నాన్న బట్టలు తొడుక్కోడం దాకా. ఇప్పుడైతే ఒళ్లంతా కప్పే ఉంది.”

“తర్వాతది నువ్వే అల్లి ఇచ్చీ.”

“అల్లితే పట్టేస్తారు. నిజంగా జరిగిందే కావాలన్నారు. క్రేనెక్కేక ఏమైందో సాయంత్రంలోగా నిన్నడిగి పంపమన్నారు.”

“సాయంత్రంలోగానేటి?”

“అవును మమ్మీ. ఎక్కేక ఏమైంది?”

“ఎక్కనేదు.”

“అదేటి? రిటైరయ్యేదాకా నడిపేవు కదా.”

“మీ నాన్న చొక్కా తొడుక్కున్నాను. మెడదాకా గుండీలెట్టుకున్నాను. అక్కడితో అయిపోనాది. నానెప్పుడూ క్రేనెక్కనేదు. అలగే రాయి.”