వదిన కారుకి నేను నాడి చూసిన రోజు

"మామా, ఆ ఫోనుని అలా నలిపితే మోగదు. అక్కడ పెట్టు. మా వదిన కారు ఆగదు. దాని రోగం కనిపెట్టింది ఎవరనుకున్నావు?"

టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని ఈ మాట అన్నవాడు కార్లకి రంగులు వేసే మనిషి. వీధిలో అందరికీ రంగుల బావ. ఎదురుగా కూర్చున్నది టైర్ల కొట్టు నడిపే టైరు మామ. మామ కూతురికి తెల్లవారగానే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి బండి ఇంకెక్కడికో వెళ్ళిందన్నారు. దాంతో బావ వాళ్ళ వదిన ఆ పిల్లనీ పిల్ల తల్లినీ తన పాత టాక్సీలో ఎక్కించుకుని కొండ అవతలి ఆసుపత్రికి బయల్దేరింది. గంటంపావు అయింది. కిందటి వారం దాకా ఆ కారు ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేదని వీధి మొత్తానికీ తెలుసు.

"నిజంగా బాగైందా అల్లుడూ? కొండ మధ్యలో ఆగితే..."

"ఆగడమా! మొదట్నుంచీ చెప్తా, విను. ఆ కారు నాకంటే మూడేళ్ళు పెద్దది. ఇన్నేళ్ళూ మర్యాదగా నడిచింది. ఉన్నట్టుండి ఏం పుట్టిందో, బయల్దేరిన పావుగంటకి తడబడటం మొదలెట్టింది. యాక్సిలరేటరు తొక్కితే ఆఫీసులో ఫైలులాగా బాగా ఆలోచించుకుని అప్పుడు కదిలేది. ఇంకాస్త దూరం పోయాక అదీ లేదు, రెండు దగ్గులు దగ్గి నిలబడిపోయేది. ఐదు నిమిషాలు పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ పరుగు. వదిన దాన్ని షోరూముకి తీసుకెళితే, అక్కడ ఎంత బుద్ధిమంతురాలనుకున్నారు! ఒక్క దగ్గు లేదు. టై కట్టుకున్నాయన బానెట్ ఎత్తి, దించి, 'పాత బండమ్మా, తుక్కుకి ఇచ్చేసి కొత్తది తీసుకోండి' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. రోగం తెలియనివాడు రోగిని పూడ్చిపెట్టమంటాడా? పాతది పారెయ్యమనేవాడి చేతిలో ఎప్పుడూ కొత్తదాని బొమ్మల కాగితం ఉంటుంది, గమనించండి! ఇది ఇంజను సమస్య కాదు, వ్యవస్థ సమస్య అని అక్కడే అరిచాను."

"వ్యవస్థకి ప్లగ్గులెన్ని బావా?" అన్నాడు పక్క కొట్టు టైలరు.

"నువ్వు నీ గుండీలు కుట్టుకో. సరే, నేనే వదిన పక్కన కూర్చున్నాను. కొండ మొదట్లో ఆగిపోయింది. దిగి, బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకున్నాను, అంతే. ఐదు నిమిషాల్లో స్టార్టు!"

"అప్పుడు మీ వదినేం చేస్తోంది?" టీ గ్లాసులు కడుగుతూ అడిగింది కొట్టు పిన్ని.

"ఏముంది పిన్నీ, పెట్రోలు ముల్లు పనిచెయ్యదు కదా, వెనక ట్యాంకు మూత తీసి పుల్ల ముంచి చూస్తోంది. ఆడవాళ్ళ భయం. మళ్ళీ సగం కొండ ఎక్కాక ఆగింది. ఈసారి స్టీలు గ్లాసు బోర్లించి ఇంజనుకి చెవి ఆనించాను. నాలుగు ప్లగ్గులూ నాలుగు గొంతుల్లో వినిపించాయి. మూడోదానికి జలుబు. దాన్ని బుజ్జగించాను. స్టార్టు!"

"మీ వదిన?"

"మళ్ళీ ఆ పుల్లే! ఎన్నిసార్లు అడుగుతావు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోగం పరిగెత్తేటప్పుడే దొరుకుతుంది, ఆగినప్పుడు కాదు అని నాకు తట్టింది. 'వదినా, నువ్వు తొక్కుతూనే ఉండు' అని కిటికీలోంచి బానెట్ మీదికి పాకాను. బండి నూటిరవైలో ఉంది."

"ఆ కారుకి స్పీడు అంకెలే ఎనభై దాకా!" అన్నాడు టైలరు.

"అంకెలు అయిపోతే ముల్లు ఆగుతుందా? రెండో చుట్టు తిరిగింది! ఒక చేత్తో బానెట్ ఎత్తి, రెండో చేత్తో పెట్రోలు గొట్టం పట్టి నాడి చూశాను. నీరసం! ఇంజను ఆకలితో చస్తోంది, వెనకనుంచి తిండి రావట్లేదు. గొట్టం పీకి నోట్లో పెట్టుకుని ఒక్క ఊపు ఊదాను. కారు మిగతా కొండంతా నా ఊపిరి మీదే ఎక్కింది మామా. మా వెనక్కాల గాలి ఎంత లాగిందంటే, ఆరు లారీలు ఇంజన్లు ఆపేసుకుని మా వెంట కొండెక్కేశాయి. డ్రైవర్లు ఇప్పటికీ నాకు దణ్ణాలు పెడతారు."

మామ నవ్వలేదు గానీ ఫోను బల్ల మీద పెట్టాడు. పిన్ని అతని ముందు టీ పెట్టింది.

"ఊదుతూ ఊదుతూ అసలు కిటుకు పట్టేశాను. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి పోవాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలో చిన్న బెజ్జం ఉండేది అందుకే. వెనక్కి పాకి చూస్తే ఏముంది! ఎవడో దౌర్భాగ్యుడు ట్యూబు రబ్బరు గుండ్రంగా కత్తిరించి మూత లోపల బిగించాడు. బెజ్జం మూసుకుపోయింది. ట్యాంకుకి ఊపిరాడట్లేదు! కష్టపడి బతికే మనిషి పొట్ట మీద కొట్టే పని కాదూ అది? వాడు దొరికితే నడివీధిలో నిలబెట్టి అడుగుతాను!"

"అడుగు, అడుగు," అన్నాడు మామ, టీ ఊదుకుంటూ.

"మూత తిప్పాను. బుస్సుమని ఏం పీల్చింది! నా భుజం మీది తువ్వాలు లోపలికి పోయింది. కళ్ళద్దాలు పోయాయి. పైన ఎగిరే కొంగ ఒకటి రెక్కలు ముడుచుకుని జారిపోతుంటే కాలు పట్టుకుని లాగాను. మబ్బు మాత్రం దక్కలేదు, అందుకే మొన్న వాన పడలేదు. అంత గాలి పీల్చిన కారు నిట్టూర్చింది చూడు, నాలుగు చక్రాలూ నేల వదిలేశాయి. కొండ మీదుగా ఒకే గెంతు! ఆసుపత్రి గేటు ముందు దిగి వెనక్కి చూస్తే కొండ కింద ఓ కారు కనిపించింది. ఎవరా అని చూస్తే, మేమే. ఇంకా బయల్దేరుతున్నాం."

టైలరు బల్ల మీద గుద్ది గుద్ది నవ్వాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

మామ దాన్ని అందుకోబోయాడు. రెండుసార్లు జారి, మూడోసారి పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు. పిన్ని స్టవ్వు మంట తగ్గించింది. రంగుల బావ కూడా కాలు మీది కాలు దించి ముందుకు వంగాడు.

"చేరారా?... ఒక్కసారి కూడా?... డాక్టరమ్మ చూసిందా?... భయం లేదందా? ఇంకోసారి చెప్పు... సరే, సరే. నువ్వేమైనా తిను."

ఫోను పెట్టేసి, తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. "చేరారట. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదట."

"నేను చెప్పలా!" బావ లేచి నిలబడ్డాడు. "రోగం కనిపెట్టింది ఎవరు?"

"మీ వదిన," అన్నాడు మామ. "మూత తీసిన ప్రతిసారీ బుస్సుమంటోంది, తీశాకే బండి కదులుతోంది, ఏమిటా అని ఆ రబ్బరు పీకి తెచ్చి నా బల్ల మీద పడేసింది. చూడగానే గుర్తుపట్టాను."

"దేన్ని?"

"నా కొట్టులో ట్యూబేగా! కారుకి రంగు వేసిన రోజు, పెట్రోలు వాసనకి వెనక సీట్లో వాళ్ళకి కడుపులో తిప్పుతోందని నువ్వే అడిగి కత్తిరించుకుపోయావు. బిగించి వచ్చి, 'మామా, వెయ్యేళ్ళయినా గాలి చొరబడదు' అని ఇదే బల్ల మీద గంటసేపు కోతలు కోశావు."

పిన్ని చేతిలో గ్లాసు పట్టుకుని పగలబడి నవ్వింది. బావ మెల్లగా కూర్చుని మెడ గోక్కున్నాడు.

"మరి కొంగ దగ్గరైనా ఆపొచ్చుగా మామా, నడివీధిలో నిలబెడతానంటుంటే వింటూ కూర్చున్నావు!"

"ఆపి ఉంటే ఇంతసేపూ నేను ఆ రోడ్డు వంక చూస్తూ కూర్చోవాల్సొచ్చేది." మామ చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "చేరారుగా. ఇంక ఆపొచ్చు."