ఆలుగడ్డకు కోడి

ఏదీ, ఆ ఫోను కాస్త ఇటు తిప్పు అమ్మూ. కొంచెం దూరంగా పట్టుకో, దగ్గర పెడితే నాకు అన్నీ మబ్బులే. ఆఁ, ఆలుగడ్డ. ఊదారంగు ఆలుగడ్డ. కోస్తే లోపల కూడా ఊదానే. పక్కది గులాబీ. ఎవరో అమ్మాయి మేడమీద సంచుల్లో మట్టి నింపి పండించి చూపిస్తోందన్నమాట. ఎంతమంది చూశారంటావ్? లక్షలా? సరే. ఇదే పంట మీ తాత ఈ కొంటాలో, ఈ పెరట్లోనే, అదిగో ఆ బోరింగు పక్కన, నువ్వు బలపం పట్టకముందే పండించాడు. చూసింది నేనూ, మీ నాయనమ్మా, గోడమీద పిల్లీ. పిల్లి కూడా ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

నవ్వకు. నీకు తాత అంటే ఆ గోడమీది ఫోటో, దానికో దండ. ఫోటోలో రాజేశ్వరరావు ఎంత నెమ్మదస్తుడిలా ఉన్నాడో చూశావా, ఆ ఫోటో తీసినవాడికి చెయ్యెత్తి మొక్కాలి. బచేలీ ఇనుప గనిలో ఆయన ఖనిజం మోసే బెల్టు సెక్షన్లో ఫోర్‌మన్, నేను ల్యాబులో. ఆఫీసర్లు ఆయన్ని దూరం నుంచి చూసే దారి మార్చుకునేవాళ్ళు. భయపడి కాదు, మాట మొదలుపెడితే షిఫ్టు అయిపోతుందని. నేను కెమిస్ట్రీలో బి.ఎస్‌సి. చదివినవాణ్ణి కదా, నాకు కెమిస్ట్రీ కూడా ఆయనే నేర్పేవాడు. టీ ఎలా కాచాలో క్యాంటీనువాడికి, కుట్టు ఎలా వెయ్యాలో దర్జీకి, అన్నీ ఆయనే. రిటైరయ్యాక తతిమ్మావాళ్ళం ఏ రాజమండ్రికో పోదామని లెక్కలు వేసుకుంటుంటే ఈయన కొంటాలో స్థలం కొన్నాడు. ఎందుకయ్యా అంటే శబరి ఏటి గాలి అన్నాడు. గాలీ లేదు ఏమీ లేదు. ఏరు దాటితే ఆంధ్రా, ఇటు తిరిగితే బస్తరు, రెండు రాష్ట్రాలకూ ఒక్కచోట కూర్చుని సలహాలివ్వొచ్చని. ఆయన వెనకాలే నేనూ వచ్చిపడ్డానులే, నా సంగతి వదిలెయ్.

ఎక్కడున్నాను? విత్తనం. వీడ్కోలు రోజున అందరూ శాలువాలు కప్పారు. డార్జిలింగు వైపు నుంచొచ్చిన వెల్డరు ఒకడుండేవాడు, వాడు మాత్రం గుడ్డలో మూటగట్టి గుప్పెడు ముడతలుపడ్డ ఆలుగడ్డలిచ్చాడు. శాలువాలు ఏమయ్యాయో దేవుడికెరుక, ఆలుగడ్డల్ని మాత్రం ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు బస్సులో. దసరా దాటాక నాటాడు. బోదెలు తీసి, పేడ ఎరువేసి, మొక్క జానెడు లేవగానే మొదట్లోకి మట్టి ఎగదోసి, తెల్లారి లేస్తే అక్కడే. మాఘంలో ఆకు పండింది, తవ్వాడు. నిజం చెప్పాలి, తవ్వినప్పుడు నాకూ ముచ్చటేసింది. ఎర్రమట్టిలోంచి ఊదావి, గులాబీవి, నల్లగా నేరేడుపండు లాంటివి వచ్చాయి. ఆయన ముఖం చూడాలి. ఆ ఆలుగడ్డ తానే కన్నట్టు.

ఇంక ఎండాకాలం. మన ఎండలకి మనుషులే నిలవరు, విత్తనం గడ్డ నిలుస్తుందా? మధ్యగదిలో ఇసక పోసి అందులో గడ్డలు పరిచాడు. ఇంట్లో ఉన్నది ఒక్క కూలరు. దాన్ని గడ్డలవైపు తిప్పాడు. మీ నాయనమ్మ విసనకర్ర పట్టుకుని గుమ్మంలో కూచునేది. చుట్టాలొస్తే, ఏమండీ కూలరు ఆ గదిలో పెట్టారేం, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళు. పిల్లలు పడుకున్నారు అనేది ఆవిడ, నవ్వకుండా.

సరే, పండించాడు. తినేదెవరు? మొదటిసారి మీ నాయనమ్మ పులుసు పెట్టింది. చింతపండు తగిలేసరికి ఆ ఊదా కాస్తా ఎర్రగా తిరిగి పులుసంతా హోలీ అయిపోయింది. ఆవిడ గరిటెతో ఒక ముక్క పైకెత్తి, ఎవరిదో చెంప వాచినట్టుంది, నేను తినను అంది. అంతే, ఈ ఇంట్లో మళ్ళీ ఆ గడ్డ పొయ్యి ఎక్కలేదు. ఆయనొక్కడూ ఉడకబెట్టుకుని ఉప్పేసుకుని తినేవాడు. కిరందుల్లో మీ నాన్నకి ఒక సంచి పంపితే, కాలనీ పిల్లలు కోసి చేతులకి రంగు అద్దుకున్నారని కబురొచ్చింది. బచేలీ వెళ్ళి పాత స్నేహితులకి పంచాడు. వాళ్ళు మర్యాదగా తీసుకుని, రావుగారూ దారిలో కుళ్ళినట్టున్నాయి పాపం అన్నారు. సంతలో కూచున్నాడు ఒకరోజు, నిజంగా, గోనెపట్టా వేసుకుని. ఒకాయన వంగి చూసి, ఇది దేనికి మందు, మోకాళ్ళకా అని అడిగాడు. ఆయనకు కావలసింది సొమ్ము కాదమ్మూ. తలకాయున్న ఒక్క మనిషి తిని, బాగుంది రావూ అనాలి. అన్నం సహించని రోగిలా అయిపోయాడు ఆ ఒక్క మాటకోసం.

అప్పుడు పడింది కన్ను గోడవతల. మీ పక్కిల్లు ఇర్మాది కదా, ఇప్పుడు వాళ్ళబ్బాయి పొజ్జా ఉంటున్నాడే, ఆ ఇల్లు. ఇర్మా ఆ పేటకి పెర్మా, అంటే వాళ్ళ ఊరితల్లి గుడికి పూజారి. మీ తాత బుట్టనిండా గడ్డలు పట్టుకెళ్ళి ఇర్మా ఇంట్లోనూ, ఆ వరసలో ఇంటింటా ఇచ్చొచ్చాడు. ఒంటికి రక్తం పడుతుంది, కంటికి మంచిది అని ఉపన్యాసం కూడా ఉచితం. వాళ్ళు సరే సారూ అని తీసుకున్నారు. నాలుగు రోజులాగి వెళ్ళి చూస్తే ఏముంది, ఇర్మా ఇంట్లో చూరుకి వేలాడుతున్న బుట్టలో అన్నీ అలాగే ఉన్నాయి. పక్కింట్లోనూ అంతే. ఒక్క గడ్డ కూడా ఎవరూ ముట్టలేదు. ఈయనకి ఒళ్ళు మండింది. ఏంది ఇర్మా, విషమా అన్నాడు.

ఇర్మా నెమ్మది మనిషి. కొత్త పంట తల్లి తినకముందు మేం తినం సారూ అన్నాడు. నీకు తెలుసుగా, మామిడికాయకి ఒక పండుం, చిక్కుడుకి ఒక పండుం, కొత్త బియ్యానికి ఒకటి. పండుగ చేసి, ముందు తల్లికి పెట్టి, అప్పుడే నోట్లో వేసుకుంటారు. మీ తాత ఊరుకుంటాడా? మరి బజారు నుంచి ఆలుగడ్డ కొనుక్కొచ్చి తింటారుగా, దానికేం పండుం చేశారు అని లాయరులాగా అడిగాడు. ఇర్మా అన్నాడు, ‘బజారుది ఎవరి మట్టిలో పండిందో మాకేంది సారూ. ఇది ఈ మట్టిలో పండింది.’ అయితే చెయ్యండి పండుం, ఎవరొద్దన్నారు అన్నాడు ఈయన. చేస్తాం, పంట తెచ్చినోడు కోడి ఇవ్వాలి, మొదటి ముద్ద పంట తెచ్చినోడే తినాలి, ఏటేటా అంతే అన్నాడు ఇర్మా.

కోడి! ఈ ఇంటికి. గుడ్డు పెంకు కనబడితే పెరడంతా పసుపునీళ్ళు చల్లే ఇంటికి. మీ తాత ఇంటికొచ్చి ఆ రోజంతా అన్నం తినలేదు. మర్నాడు బేరం మొదలెట్టాడు. కొబ్బరికాయ కొడతానన్నాడు. రెండు కొడతానన్నాడు. కర్పూరం, అరటిపళ్ళు, తల్లికి చీర. చివరికి ఇర్మా ఒక మాటన్నాడు, నేను అక్కడే ఉన్నాను. ‘తల్లి కొబ్బరికాయ అడగలేదు సారూ. ఆలుగడ్డ కూడా అడగలేదు. అడిగేది నువ్వే.’ మేనేజర్లని మాట్లాడనివ్వని మనిషి, చెప్పులేసుకుని ఇంటిదారి పట్టాడు.

బింకం ఒక ఏడాది నడిచింది. మళ్ళీ మాఘం వచ్చింది, మళ్ళీ తవ్వాడు, మళ్ళీ కుప్ప పడింది. తినేవాడు లేడు. కుప్పకి మొలకలొస్తున్నాయి. ఒక పొద్దున మా ఇంటికొచ్చి, వెంకటనారాయణా, బజారుకి వస్తావా అన్నాడు, బ్యాంకు దోచుకుందామా అన్నంత రహస్యంగా. టీ ఇంకా మరుగుతోందా, చూడు. ఆఁ, వంటింట్లోనే ఉందిగా మీ నాయనమ్మ. సరే విను. కోళ్ళవాడి దగ్గర నిలబడి, బాబూ తాజాది ఒకటివ్వు అన్నాడు. బతికున్న కోడిని చూపించి. వాడు అన్నిటివంకా చూసి, అన్నీ తాజావే సార్ అన్నాడు. సంచిలో పెట్టించుకుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని నడిచాడు. అది లోపల కొక్కొక్కో అన్నప్పుడల్లా ఈయన గట్టిగా దగ్గేవాడు. దారిలో ఎదురైన వాళ్ళంతా దగ్గుకి కషాయం చెప్పారు.

తల్లిగుడి దగ్గర పేట అంతా ఉంది. ఇర్మా తన పని తాను చేశాడు, ఆ ముక్క నీకెందుకులే. బియ్యం, కోడి, ఈయన గడ్డలు, అన్నీ ఒకే కుండలో ఉడికాయి. ఆకు దొన్నెలో మొదటి ముద్ద పెట్టి ఈయన చేతికిచ్చారు. తినకపోతే ఎవరూ తినరు. పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా ఈయన నోరే చూస్తున్నారు. నేను మనసులో అనుకున్నాను, ఇప్పుడు కళ్ళు తిరిగినట్టు పడిపోతాడు, మోసుకెళ్ళే ఖర్మ నాదే అని. పడలేదు. కళ్ళు మూసుకుని మింగాడు. తరవాత అందరూ తిన్నారు. మాటల్లేవు, చప్పరింతలే. ఈయన ఆగలేక, ఎట్లా ఉంది ఇర్మా అన్నాడు. ఇర్మా నమిలి, మింగి, ఆలోచించి, ఆలుగడ్డ లెక్కనే ఉంది సారూ అన్నాడు.

నేను చచ్చాననుకున్నాను. ఇక్కడ మొదలవుతుంది ఉపన్యాసం, కుండ చల్లారేదాకా అని. మీ తాత, ‘అవును, ఆలుగడ్డే కదా’ అని దొన్నె మళ్ళీ చాపాడు.

కన్నుమూసేదాకా ఏ మాఘమూ మానలేదు. ఏటా ఓ కోడి, ఓ సంచి, ఓ దగ్గు. ఇంట్లో మాత్రం బ్యాంకు పని అనేవాడు. ఆదివారం పడినా బ్యాంకు పనే. నాచేత ఒట్టు వేయించుకున్నాడు, మీ నాయనమ్మ చెవిన పడితే ఇంట్లో పచ్చి మంచినీళ్ళు పుట్టవని. పాపం ఆవిడ అమాయకురాలు కాబట్టి సరిపోయింది, ఆదివారం బ్యాంకేమిటని ఒక్కసారి కూడా...

ఆ, రండి వదినగారూ. ఏం లేదు, వానల సంగతి. ఈసారి శబరి ఎంత పొంగుతుందో ఏమో అని అమ్ముతో... ఏంటండీ? కోడా? ఏ కోడి?

హుంగేనా? ఇర్మా పెళ్ళాం? ఎప్పుడు చెప్పింది?

ఆ సాయంత్రమేనా? గోడ మీదనుంచేనా?

మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదేం వదినా, ఆయన ఉన్నప్పుడైనా?

ఓహో, మీరు అంటే ఆయన మానేస్తాడనా. ఆయన మొదటి ముద్ద తినకపోతే అక్కడ ఇంకెవరూ తినరనా.

ఆఁ, సరిపోయింది వదినా, చక్కెర సరిపోయింది. అమ్మూ, ఆ ఫోను పక్కన పెట్టి టీ తాగు.