నారింజ తొక్కల ఆచూకీ

క్యోటోలో ఒక వంటింట్లో అత్త ఉప్పు కలిపిన తవుడు కుండలో ముల్లంగి ఊరేస్తోంది. కోడలు పక్కన కూర్చుని వంకాయలు తుడుస్తోంది.

“నువ్వు తెచ్చిన నవల అయిపోయిందే అమ్మాయ్. ఎడో కాలం, ఆ సమురాయిల రోజుల నాటి హత్య కథ అన్నావని భయపడ్డాను. తీరా చూస్తే నవ్వలేక చచ్చాను!”

“నిజంగా నచ్చిందా అత్తయ్యా?”

“ఆ చచ్చిన ముసలిది ఉంది చూడూ, ఉత్త గయ్యాళి! కోడలు తుమ్మినా తప్పే. పీడా పోయిందనుకున్నాను.”

“అయ్యో, ఆవిడలో మంచి కూడా ఉందండీ.”

“ఏం మంచి, నా మొహం! చివరికి హంతకుణ్ణి పట్టించింది తవుడు కుండే. వాడి చేతులకి ఆ కుండలోని ఎండు నారింజ తొక్కల వాసన. తవుట్లో ఆ తొక్కలు కలిపేది ఊరంతటికీ ఆ ముసలిదొక్కతేనట.”

“ఊఁ.”

“ఆగాగు. నేనూ అవే కలుపుతాను కదే!”

కోడలు తుడిచిన వంకాయనే మళ్ళీ తుడవసాగింది.

“మా అమ్మ చెప్పిన కిటుకది. నీకు తప్ప నరపురుగుకి కూడా చెప్పలేదు.”

“అత్తయ్యా, అదీ...”

“అమ్మో అమ్మో! గది తలుపేసుకుని మారుపేరుతో నువ్వు రాసేది ఇదా? ఆ గయ్యాళి నేనా?”

“తప్పయిపోయింది అత్తయ్యా. మిమ్మల్ని చంపకుండా ఉండాల్సింది.”

“చంపితే చంపావు, అది కాదే! మా అమ్మ కిటుకు దేశమంతా చాటేస్తావా?”