పాఠాన్ని తెరకెక్కించిన మాధవీలత గారు

1989వ సంవత్సరం సెప్టెంబరు నాలుగవ తేదీన శ్రీమతి మాధవీలత గారు హిందూపురం మండలంలో కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయినిగా బాధ్యతలు స్వీకరించారు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబంలో జన్మించి, పట్టుదలతో జీవశాస్త్రంలో పట్టభద్రురాలైన ఆ యువతికి లభించిన తొలి విద్యార్థులు ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు. మాట అందని చోట బొమ్మ అందుతుందని గ్రహించి, రంగు సుద్దలతో నల్లబల్ల నిండా చిత్రాలు గీసి బోధించే పద్ధతిని ఆమె అక్కడే అలవరచుకున్నారు.

2001లో స్కూల్ అసిస్టెంటుగా పదోన్నతి పొంది పెనుకొండ ప్రాంతంలోని ఉన్నత పాఠశాలకు వచ్చారు. ఏళ్ల తరబడి తాళం పడి ఉన్న ప్రయోగశాలను తెరిపించి, పిల్లలతో కలిసి తానే కడిగి, మొదటి నెలలోనే వారికి ఉల్లిపొర కణాలను సూక్ష్మదర్శినిలో చూపించారు. ఆ పాఠశాల నుండి పదవ తరగతి ముగించి సైన్సు గ్రూపు తీసుకున్న బాలికల సంఖ్య ఆమె కాలంలో ఏటేటా పెరిగింది.

2012లో కనగానపల్లి మండలంలోని ఉన్నత పాఠశాలకు బదిలీపై వచ్చినప్పుడు, అక్కడ తెలుగు పండితునిగా ఉన్న నాకు ఆమెతో కలిసి పనిచేసే భాగ్యం కలిగింది. విద్యార్థులలో అధికులు గొర్రెల కాపరుల పిల్లలు. మేత కోసం మంద ఎటు పోతే కుటుంబం అటు పోతుంది గనుక, బడికి రాని రోజులు వచ్చిన రోజులతో పోటీ పడేవి. వారిని తరగతిలో నిలపడానికి మేడం గారు ఒక ప్రొజెక్టరు సంపాదించి, ఇంగ్లీషు యానిమేషన్ వీడియోలు ప్రదర్శించారు. పిల్లలు రెప్పవాల్చకుండా చూశారు. అనంతరం ఏం అర్థమైందని అడిగితే, ఒక పిల్లవాడు లేచి, వీడియోలోని వ్యాఖ్యాతను ఉద్దేశించి, “బొమ్మలు బలే ఉండాయి మేడమ్, ఆయప్ప చెప్పిందే ఏమీ తెలీలే” అన్నాడు.

మరొకరైతే వీడియోను తెలుగులో వివరించి సరిపెట్టుకునేవారు. ఆమె మాత్రం, చూసేవారు కాస్తా తీసేవారైతే తప్ప ఈ పాఠం వారిది కాదని నిశ్చయించుకున్నారు. తొమ్మిదవ తరగతి పిల్లలకు ‘ఏం తీద్దాం’ అనే నిర్ణయాన్ని వదిలేశారు. వారు గొర్రెలకు వచ్చే జలగ రోగాన్ని ఎంచుకున్నారు. బంకమట్టితో ఆ రోగాన్ని మోసే నత్తలు, ఉన్నితో గొర్రెలు తయారయ్యాయి. నేల మీద బొమ్మను గోరంత జరపడం, సెల్‌ఫోనులో ఒక ఫొటో తీయడం, మళ్లీ జరపడం. అలా తీసిన వందలాది ఫొటోలను వరుసగా కూర్చితే, మట్టి నత్త నిజంగా గడ్డి పరక మీదికి పాకింది.

ఆ చిత్రీకరణ నాటి ఒక ముచ్చటను ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేను. ఫోను మోగిన ప్రతిసారీ ఫొటో చెడిపోతోందని మేడం గారు వచ్చిన ఫోన్లన్నీ కట్ చేశారు. వాటిలో అత్యధికం వారి భర్త శ్రీనివాసులు గారివి. భార్యకు ఏమైందోనన్న ఆందోళనతో ఆయన ధర్మవరం నుండి స్కూటరు మీద వచ్చి చూస్తే, ఆమె తరగతి గదిలో నేల మీద బోర్లా పడుకొని ఉన్నారు.

“ఏమయింది నీకు, ఈడ పండుకున్నావు?” అని ఆయన కంగారుగా అడిగారు.

“నాకేం కాలే. వెల్తురికి అడ్డం నిలబడినావు, రోంత పక్కకు రా” అన్నారు మేడం గారు, తల తిప్పకుండానే. ఆ సాయంత్రమంతా శ్రీనివాసులు గారు దీపం పట్టుకొని కూర్చున్నారు.

అయితే పాఠశాల కమిటీ సమావేశంలో వ్యవహారం అంత తేలికగా సాగలేదు. చిత్రంలో మాటలు చెప్పిన అరుణ, తరగతిలో నోరు మెదపని బాలిక. ఆమె తండ్రి హనుమప్ప ఆగ్రహంతో వచ్చారు.

“సదువుకోమని పంపితే ఫోన్లిచ్చి సినిమాలు తీపిస్తాండారంట. ఇదేం సదువు మేడమ్? మా పిల్ల రేపట్నుంచి రాదు. గొర్ల కాడ ఉంటాది.”

మిగిలిన తల్లిదండ్రులలో పలువురు తలలూపారు. ప్రధానోపాధ్యాయులు సైతం ఇక ఆపేద్దామన్నట్లు చూశారు. మేడం గారు స్వరం పెంచలేదు.

“పంపేదీ పంపనిదీ మీ ఇష్టం హనుమప్పా. మీ పాప చేసిన పనిని ఒకసారి చూసి, ఆ మాట చెప్పండి.”

గదిని చీకటి చేయడానికి కాపరులే తమ గొంగళ్లు తీసి కిటికీలకు కట్టారు. తెర మీద గొర్రె పెంటికల నుండి జలగ గుడ్లు చెరువు నీటిలో పడ్డాయి. పిల్ల పురుగులు నత్తలో పెరిగి, బయటికి వచ్చి గడ్డికి అంటుకున్నాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కార్జంలో, అంటే కాలేయంలో, జలగలు చేరి, దాని దవడ కింద నీరు దిగింది. ఆ వాపు కనబడగానే హనుమప్ప లేచి నిలబడ్డారు. ఆ ఏడు ఆయన మందలో అలాగే వాచి చాలా గొర్రెలు చనిపోయాయి.

“ఇది మన గొర్లకు వచ్చిందే గదా. ఎట్ల తెలుసు పాపా నీకు?” అని కూతురిని అడిగారు.

అంతమంది ఎదుట అరుణ లేచి, “చెరువంచున తడి గడ్డి మేపితే వస్తాది నాయనా. నత్తలుండే తావుకు తోలగూడదు. డాక్టరు కాడ మందుండాది, తాపితే బతుకుతాయి” అన్నది. ఆ పిల్ల గొంతు అంత స్పష్టంగా వినడం మా ఉపాధ్యాయులలో అనేకులకు అదే ప్రథమం.

హనుమప్ప గదిలోని కాపరుల వైపు తిరిగి చూశారు. తర్వాత, “ఇంకోసారి ఎయ్యండి మేడమ్, మా వాళ్లంతా సరిగా చూడల్ల” అన్నారు. మరునాడు ఆయన మందను పశువైద్యశాలకు తోలుకుపోయారు, అరుణ బడికి వచ్చింది. మిగిలిన గొర్రెలలో అధిక భాగం కోలుకున్నాయి.

ఆ చిత్రం ఊరూరా ప్రదర్శింపబడి, జిల్లా వైజ్ఞానిక ప్రదర్శనలో ప్రథమ బహుమతి గెలుచుకుంది. అంతకు మించిన విజయం మరొకటి ఉంది. పశుసంవర్ధక డిప్లొమా పూర్తిచేసిన అరుణ నేడు ఆ ప్రాంతంలోనే పశుసంవర్ధక సహాయకురాలిగా పనిచేస్తూ, కాపరులకు తానే స్వయంగా జాగ్రత్తలు చెబుతున్నది.

2019లో తిరిగి పెనుకొండకు, 2022లో హిందూపురానికి బదిలీ అయిన మేడం గారు వెళ్లిన ప్రతి చోటా పిల్లల చేతికి కెమెరా అందించారు. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, ఆమె విద్యార్థులు తీసిన చిన్న చిత్రాలే పెనుకొండ దగ్గరి ఎర్రమంచి నుండి కనగానపల్లి దాకా ఇళ్లలోని ఫోన్లకు పాఠాలై చేరాయి. హిందూపురంలో పిల్లలు ఒకే చిత్రానికి తెలుగులోనూ కన్నడంలోనూ మాటలు చెప్పి, రెండు భాషల ఇళ్లనూ మెప్పించారు.

గత నెలలో, పదవీ విరమణకు ముందు, ఆమె చివరి తరగతి విద్యార్థులు గుండె పనితీరుపై ఒక చిత్రాన్ని రహస్యంగా పూర్తిచేసి, ఆమెను వెనుక బెంచీలో కూర్చోబెట్టి ప్రదర్శించారు. కథ, బొమ్మలు, కూర్పు అంతా వారిదే. చిత్రం ముగిశాక ఏమైనా తప్పులున్నాయా అని అడిగితే, మేడం గారు కళ్లు తుడుచుకొని, “ఇంక మీకు నా అవసరం లేదు, నాకు బలే సంతోషంగా ఉండాది” అన్నారు. ముప్ఫై ఆరు సంవత్సరాల అధ్యాపక జీవితానికి ఇంతకంటే ఘనమైన పట్టాభిషేకం మరొకటి ఉంటుందని నేను భావించను.

శ్రీనివాసులు గారి సాహచర్యంలో, పిల్లల అనురాగంలో, శిష్యులు వెతుక్కుంటూ వచ్చే ఇంటిలో, మాధవీలత గారు సంపూర్ణ ఆరోగ్యంతో దీర్ఘకాలం వర్ధిల్లాలనీ, ఇంతకాలం ఇతరుల కోసం వెచ్చించిన ఉదయాలన్నీ ఇకమీదట వారి సొంతం కావాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాను.