గడి ముందు చెప్పులు

రైతులు తరిమేసిన దొరలు ఢిల్లీ సైన్యం వెంట పల్లెలకు తిరిగొచ్చిన ఏడాది. సూర్యాపేట పక్క ఊళ్ళో, దొర ఉండే కోటలాంటి గడికి నాలుగిళ్ళ అవతల, కోతకూలీనంటూ వచ్చినవాడికి ముసలమ్మ జొన్న గటక పెట్టి ఎదురుగా కూర్చుంది. దొరల మీద తిరగబడ్డందుకు పోలీసులు వెతుకుతున్న ఆమె కొడుకు కోదాడ వైపు కూలీల్లో కలిసిపోయి తిరుగుతున్నాడు.

"నీ కొడుకు ఏడున్నడవ్వా? నాకు దోస్తు."

"నిన్ను ఢిల్లీ సర్కారు పంపిందా, బిడ్డా?"

"అదేం మాటవ్వా! నాది మిర్యాలగూడ."

"యాస మంచిగనే నేర్పిన్రు. చేతులకు కాయలు గూడ కాయించిన్రు."

"శిక్షణలో మట్టి మోయించారు." అతని నోట కోస్తా మాట జారింది. "ఎలా పట్టావమ్మా?"

"పొద్దుగాల దొర గడి ముంగట చెప్పులేసుకొని నడిస్తివి. కూలోడైతే చేతవట్టుకొని పోతడు. ఆ భయం మీ బడిల నేర్పరు. మాకు ఉగ్గుపాలల్లనే పోస్తరు."

ముసలమ్మ గెలిచినట్టు నవ్వింది.

"నిజమే, ఎవరూ చెప్పలేదు. రేపు మావాళ్ళు ఇంకొందరు కోదాడలో దిగుతున్నారు. ఈ ముక్క వాళ్ళకు చెబుతాను."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"గటక సగమే తింటివి. జర కూసో, బిడ్డా."

"కడుపు నిండిందమ్మా."

అతను చెప్పులు తొడుక్కోకుండా చేతబట్టుకొని, తల వంచుకొని, గడి ముందునుంచే వెళ్ళాడు. అచ్చం కూలివాడిలాగే.